చిన్న రివాల్వరు - పెద్ద బాధ్యత

గ్రామములలో తుపాకి క్రొత్త వస్తువు కాదు. అడవి అంచున నున్న పల్లెలలో పంట కాపలా కొరకు నోటినుండి మందు దట్టించు తుపాకి తాతల కాలమునుండి కొన్ని ఇండ్లలో నున్నది. పెద్ద కమతములు గల కుటుంబములలో రెండు గొట్టముల తుపాకి గోడకు వ్రేలాడుచుండుట పెద్దలందరును ఎరుగుదురు. ఇటీవలి కాలమున అరచేతిలో ఇమిడిపోవు చిన్న రివాల్వరుపై కొందరి దృష్టి ప్రసరించుచున్నది. పట్టణమునకు రొక్కము తీసికొనిపోవు వర్తకుడు, ఊరికి దూరముగా తోటలో కాపురముండు రైతు, పాత తగవులచే భయపడుచున్న గృహస్థుడు - వీరిలో ఎవరికో యొకరికి “ఒక చిన్న పిస్తోలు ఉండిన బాగుండును గదా!” అను తలంపు కలుగును.

అట్టివారు మొట్టమొదట సలహా కొరకు వచ్చునది పంచాయతీ సభ్యుని యొద్దకే. “చిన్నదే గదా, దీనికి గూడ లైసెన్సు కావలెనా? సర్పంచిగారు ఒక ఉత్తరము వ్రాసి యిచ్చిన చాలదా? దొంగ వచ్చినప్పుడు కాల్చిన తప్పేమి?” అని యడుగుదురు. ఈ ప్రశ్నలకు సరియైన సమాధానము తెలియనిచో సభ్యుడు తెలియకయే ఒక కుటుంబమును ఆపదలోనికి నెట్టినవాడగును. కావున ఈ చిన్న ఆయుధము ఎట్టిది, దాని శక్తి ఎంత, చట్టము ఏమి చెప్పుచున్నది, ఇంటిలో నుంచుకొనువారు ఏ జాగ్రత్తలు తీసికొనవలెను అను విషయములను ఇచ్చట వివరింతుము.

అంచున దెబ్బ తగులు తూటా

తుపాకులలో వాడు తూటాలు ముఖ్యముగా రెండు విధములు. ఏ తూటాకైనను ఒక లోహపు గొట్టము, దానిలో మందు, కొనయందు సీసపు గుండు ఉండును. మందును అంటించుటకు ఒక రవ్వ కావలెను. పూర్వకాలపు తుపాకిలో ఈ పనిని రంజకము చేసెడిది. నేటి పెద్ద తూటాలలో రంజకము అడుగుభాగమున సరిగా నడుమ ఒక చిన్న మూతలో నుండును. చిన్న తూటాలలో అట్లు గాక, అడుగున చుట్టును ఉబికియున్న అంచు లోపల రంజకమును నింపుదురు. సుత్తె ఆ అంచుపై ఎచ్చట కొట్టినను పలుచని లోహము నలిగి రంజకము అంటుకొనును, వెంటనే మందు మండును, గుండు వెడలును. ఇట్టి తూటాను రిమ్‌ఫైర్ తూటా అందురు. రిమ్ అనగా అంచు.

ఈ పద్ధతికి నాంది పలికినవాడు ఫ్లోబేర్ అను ఫ్రెంచి దేశస్థుడు. ఆయన 1845 ప్రాంతమున ఇంటిలో గురి అభ్యాసము చేయుటకు చిన్న రంజకపు మూతలో గుండును అమర్చెను. 1857లో అమెరికాలో స్మిత్, వెస్సన్ అను ఇరువురు భాగస్వాములు ఇట్టి తూటాలను ఏడింటిని పట్టు చిన్న రివాల్వరును అమ్మకమునకు తెచ్చిరి. అంతకు ముందు రివాల్వరులో మందును, గుండును, రంజకమును వేర్వేరుగా నింపుకొనవలసి యుండెడిది. అన్నియు ఒకే లోహపు గొట్టములో నున్న తూటా వచ్చిన తరువాత ఆ శ్రమ తప్పినది. నేడు లోకమంతట విరివిగా వాడుకలోనున్న పాయింట్ ఇరువదిరెండు లాంగ్ రైఫిల్ తూటా 1887లో అమెరికాలో వెలువడినది.

పాయింట్ ఇరువదిరెండు బోరు అనగా గొట్టపు రంధ్రము అంగుళములో సుమారు నూటికి ఇరువదిరెండు పాళ్లు, అనగా 5.6 మిల్లీమీటర్లు ఉండునని అర్థము. ఈ తూటా మొత్తము పొడవు ఒక్క అంగుళము. దాని సీసపు గుండు సాధారణముగా 40 గ్రెయిన్లు, అనగా 2.6 గ్రాములు తూగును. పెద్ద తూటాల ఖాళీ గొట్టములలో కొన్నింటిని మరల నింపి వాడవచ్చును గాని, రిమ్‌ఫైర్ తూటా ఒక్కసారి పేలిన పిదప దాని అంచు నలిగిపోవును గనుక మరల పనికిరాదు.

మన దేశమున పాయింట్ ఇరువదిరెండు బోరు రివాల్వరును పశ్చిమ బెంగాలులోని ఇషాపూరు రైఫిల్ కర్మాగారము “నిడర్” అను పేర తయారుచేసినది. నిడర్ అనగా నిర్భయము. దాని తూకము సుమారు పావు కిలో. దీనికి ముందు 2014లో కాన్పూరులోని ప్రభుత్వ కర్మాగారము మహిళల ఆత్మరక్షణను ఉద్దేశించి “నిర్భీక్” అను పాయింట్ ముప్పదిరెండు బోరు రివాల్వరును విడుదల చేసెను. దాని తూకము సుమారు అర కిలో. 2021 అక్టోబరు 1వ తేదీన ఆయుధ కర్మాగారముల పాత బోర్డును రద్దుచేసి, ఆ కర్మాగారములను ఏడు ప్రభుత్వ కంపెనీలుగా విభజించిరి.

రివాల్వరు పనిచేయు విధము

రివాల్వరునందలి ముఖ్యభాగము తిరుగు చక్రము. దీనిలో చుట్టును గదులుండును. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క తూటా. సుత్తె పైకి లేచునప్పుడు చక్రము ఒక గది మేర తిరిగి, క్రొత్త తూటా గొట్టమునకు ఎదురుగా వచ్చి నిలుచును. సుత్తె పడినప్పుడు తూటా పేలును. కొన్ని రివాల్వరులలో ప్రతిసారియు సుత్తెను బొటనవ్రేలితో వెనుకకు లాగి, తరువాత మీట నొక్కవలెను. మరికొన్నింటిలో మీట నొక్కినంతనే సుత్తె తానుగా లేచి పడును. అప్పుడు మీట బరువుగా నుండును, గురి కొంత చెదరును.

ఈ యంత్రమును గూర్చి కొన్ని సంగతులు యజమాని తప్పక తెలిసికొనవలెను. చక్రమునకును గొట్టమునకును నడుమ సన్నని సందు ఉండును. కాల్చునప్పుడు ఆ సందునుండి వేడి వాయువు, సీసపు రేణువులు ప్రక్కలకు వెడలును. కావున రెండవ చేతి వ్రేళ్లను చక్రమునకు ముందుగా ఉంచరాదు. ప్రక్కన ఎవరును నిలువరాదు. పాత రకపు రివాల్వరులలో సుత్తె తూటాపై ఆనియుండును. అట్టిది చేయిజారి నేలపై బడిన యెడల తానుగా పేలవచ్చును. అందుచేత అట్టివానిలో సుత్తె క్రింది గదిని ఖాళీగా నుంచుట పూర్వమునుండి వచ్చిన ఆచారము. మరియు రిమ్‌ఫైర్ ఆయుధములలో తూటా లేకుండ ఊరక మీట నొక్కరాదు. సుత్తె మొన చక్రపు గది అంచును కొట్టి, క్రమముగా అది అణగిపోవును. అప్పుడు తూటా సరిగా పేలక మొరాయించును.

చిన్నదను భ్రమ

గుండు చిన్నదగుటచే అది బొమ్మవంటిదని కొందరు భావింతురు. ఇది మిక్కిలి ప్రమాదకరమైన భ్రమ. రైఫిలు నుండి వెడలిన పాయింట్ ఇరువదిరెండు గుండు సెకనుకు సుమారు 1,200 అడుగుల వేగముతో పోవును. రివాల్వరు గొట్టము పొట్టిది గావున ఆ వేగము కొంత తగ్గును. అయినను మనిషి ప్రాణము తీయుటకు అది చాలును. ఈ తూటాల పెట్టెలపై తయారీదారులు ఒకటిన్నర మైలు దూరము వరకు అపాయము కలదని అచ్చు వేయుట కలదు. ఒకటిన్నర మైలు అనగా రెండు కిలోమీటర్లకు పైమాట. పొలము గట్టుపై నిలిచి అజాగ్రత్తగా కాల్చిన గుండు చెరువు దాటి, దారి దాటి, ప్రక్క గ్రామపు బడి ఆవరణలో పడవచ్చునన్నమాట.

ఇంకొక గుణము గూడ గమనింపదగియున్నది. మెత్తని సీసపు గుండు రాతిపైగాని, గట్టినేలపైగాని, నీటిపైగాని ఏటవాలుగా తగిలినప్పుడు ఎగిరి మరియొక దిక్కునకు పోవును. నూతిలోనికో చెరువులోనికో కాల్చిన ప్రమాదము లేదనుకొనుట పొరపాటు.

ఒకవైపు మనుష్యులకు ఇంత అపాయకరమైన ఈ తూటా, మరియొకవైపు రైతు ఆశించు పనికి చాలదు. అడవిపందిని పాయింట్ ఇరువదిరెండు రివాల్వరుతో నివారింప జూచుట వ్యర్థము. గాయపడిన పంది మనిషిపైకి దూకును; లేదా పొదలలో చేరి దినముల తరబడి బాధపడి చచ్చును. అంతేగాక అడవిపంది 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే రక్షణ పొందిన జంతువు. పంటకు ఎంత నష్టము కలిగినను, అధికార మిచ్చినవారి అనుమతి లేనిదే దానిని చంపరాదు. పందుల బాధ గల గ్రామములు అటవీశాఖకు లిఖితపూర్వకముగా తెలిపి, వారి సహాయము పొందవలెను.

చట్టము పుట్టుపూర్వోత్తరములు

1878లో ఆంగ్ల ప్రభుత్వము చేసిన ఆయుధముల చట్టము భారతీయులను నిరాయుధులను గావించినది. లైసెన్సు లేక మనవారు ఆయుధము పట్టరాదు. ఐరోపావారికి మాత్రము మినహాయింపు. ఈ అవమానము జాతీయ నాయకుల మనస్సులలో చిరకాలము నిలిచియుండెను. 1922 ఆగష్టులో అల్లూరి సీతారామరాజు అనుచరులతో గూడి చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడి సల్పినది తుపాకుల కొరకే గదా! 1931లో కరాచీ కాంగ్రెసు ఆమోదించిన ప్రాథమిక హక్కుల తీర్మానములో నియమములకు లోబడి ఆయుధము కలిగియుండు హక్కు గూడ చేర్చబడినది.

స్వతంత్ర భారత పార్లమెంటు 1959లో పాత చట్టమును తొలగించి క్రొత్త ఆయుధముల చట్టమును చేసినది. అది 1962 అక్టోబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. జాతి భేదము పోయినది. ధనిక దరిద్ర భేదము గూడ పోయినది. ఆస్తి చాలదను ఒక్క కారణముచే ఎవరికిని లైసెన్సు నిరాకరింపరాదని 14వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. అయినను మన దేశమున ఆయుధము కలిగియుండుట జన్మహక్కు కాదు. తగిన కారణము చూపి, తగినవాడనని నిరూపించుకొని పొందవలసిన అనుమతి మాత్రమే. ఇప్పుడు వర్తించు నియమములు 2016వ సంవత్సరపువి. చట్టమునకు 2019లో ముఖ్యమైన సవరణలు జరిగినవి.

లైసెన్సు ఎవరికి, ఎట్లు?

చట్టములోని 3వ సెక్షను ప్రకారము లైసెన్సు లేక ఎట్టి తుపాకినిగాని, తూటాలనుగాని సంపాదించుట, దగ్గర నుంచుకొనుట, వెంట తీసికొనిపోవుట నేరము. రివాల్వరు చిన్నదైనను ఇదే నియమము వర్తించును. అన్న పేర నున్న ఆయుధమును తమ్ముడు వెంట తీసికొనిపోవుట గూడ తప్పే. మరమ్మతు కొరకో, లైసెన్సు పునరుద్ధరణ కొరకో, యజమాని లిఖితపూర్వకముగా అధికార మిచ్చిన సందర్భములో మాత్రము మరియొకరు తీసికొనిపోవచ్చును.

ఇరువదియొక్క సంవత్సరములు నిండనివారికి లైసెన్సు ఈయరు. హింసాత్మక నేరములలో శిక్షపడినవారు చట్టము నిర్ణయించిన కాలము వరకు అనర్హులు. మతిస్థిమితము లేనివారు, శాంతిభద్రతల కొరకు కోర్టుకు పూచీపత్రము వ్రాసియిచ్చినవారు ఆ పూచీ గడువులోను అనర్హులు.

దరఖాస్తును జిల్లా మేజిస్ట్రేటునకు పెట్టుకొనవలెను. పోలీసు కమీషనరేటు పరిధిలో కమీషనరే అధికారి. అధికారి సమీప పోలీసు ఠాణా నుండి నివేదిక తెప్పించుకొని, విచారణ జరిపి, తన నిర్ణయమును వ్రాతపూర్వకముగా తెలుపును. నిరాకరించినచో పై అధికారికి అప్పీలు చేసికొనవచ్చును. ఆయుధమును సురక్షితముగా వాడుటలో శిక్షణ పొందియుండుట గూడ 2016 నియమముల ప్రకారము అవసరము. లైసెన్సుదారుల వివరములు జాతీయ సమాచార నిధిలో నమోదై, ఒక్కొక్కరికి ప్రత్యేక సంఖ్య ఈయబడును.

ఇచ్చట రైతులు గమనింపవలసిన భేద మొకటి కలదు. నిజమైన పంట కాపలా కొరకు నోటినుండి మందు దట్టించు తుపాకిని కోరువారి యెడలను, ఆత్మరక్షణకో వేటక్రీడకో ఇరువది అంగుళములకు తక్కువగాని సాదా గొట్టపు తుపాకిని కోరువారి యెడలను చట్టము ఉదారముగా నున్నది. అనర్హత లేనిచో వారికి సాధారణముగా లైసెన్సు దొరకును. రివాల్వరు విషయమట్లు కాదు. దుస్తులలో దాచుకొనగల ఆయుధము గావున, దానిని కోరువాడు తనకు గల ప్రత్యేకమైన అవసరమును అధికారికి నమ్మకము కలుగునట్లు చూపవలెను.

2019 సవరణ తరువాత ఒక వ్యక్తి రెండు తుపాకులకంటె ఎక్కువ ఉంచుకొనరాదు. అంతకు ముందు మూడింటికి అనుమతి యుండెడిది. లైసెన్సు కాలపరిమితి మూడేండ్ల నుండి ఐదేండ్లకు పెరిగినది. లైసెన్సు లేక సాధారణ తుపాకిని ఉంచుకొన్నవారికి రెండేండ్లకు తక్కువ గాకుండ ఐదేండ్ల వరకు ఖైదు, జరిమానా విధింపవచ్చును. అనుమతి లేక తుపాకులను తయారు చేయువారికిని, అమ్మువారికిని ఏడేండ్లకు తక్కువ గాకుండ యావజ్జీవము వరకు శిక్ష కలదు. కొలిమిలో నాటు తుపాకి చేయించుకొనుటలో ఎంతటి ప్రమాదమున్నదో దీనివలన తెలియగలదు.

ఇంటిలో భద్రపరచుట

లైసెన్సు వచ్చినంతనే పని ముగియలేదు. అసలు బాధ్యత అప్పుడే ఆరంభమగును. గ్రామములలో మన ఇండ్లకు తలుపులు తెరచియుండును. బంధువుల పిల్లలు, ఇరుగుపొరుగు పిల్లలు గదులన్నిటను ఆడుకొందురు. దిండు క్రిందనో, ధాన్యపు గాదెపైననో, బట్టల పెట్టెలోనో ఉంచిన రివాల్వరు పిల్లవాని చేతికి రావడము ఎంతసేపు? వానికి అది ఆటబొమ్మవలెనే కనబడును. కావున ఈ క్రింది నియమములను ఇంటిల్లిపాదియు పాటింపవలెను.

మొదటిది: ఇంటిలో నున్నప్పుడు రివాల్వరులో తూటాలు ఉండరాదు. రెండవది: రివాల్వరును తాళము గల ఇనుప పెట్టెలోను, తూటాలను వేరొక తాళములోను ఉంచవలెను. తాళపు చెవులు యజమాని యొద్దనే యుండవలెను. మూడవది: చేతిలోనికి తీసికొన్న ప్రతిసారియు, తానే ఖాళీ చేసినదైనను, చక్రమును తెరచి గదులన్నిటిని కంటితో చూడవలెను. ఖాళీదనుకొన్న తుపాకియే ప్రాణములు తీయును. నాలుగవది: తూటాలను లెక్క వ్రాసి యుంచవలెను. ఐదవది: ఆయుధము పోయినను, దొంగిలింపబడినను వెంటనే పోలీసు ఠాణాకు తెలుపవలెను. పరువునకు జంకి ఆలస్యము చేసినచో, ఆ ఆయుధముతో జరిగిన నేరము విచారణలో మొదట యజమాని వాకిటికే వచ్చును.

ఇంకొక మాట వ్రాయుటకు కష్టముగా నున్నను వ్రాయక తప్పదు. తుపాకి గల ఇంటిలో ఆత్మహత్యలు జరుగు అపాయము హెచ్చని విదేశములలో జరిగిన పరిశోధనలు తేల్చినవి. అప్పుల బాధ, పంట నష్టము, త్రాగుడు, సంసారపు కలతలు గ్రామములలో లేవనలేము. ఆవేశము ఒక గడియలో చల్లారును. తుపాకి ఆ గడియను ఈయదు. ఇంటిలో ఎవరైనను నిరాశలో నున్నట్లు తోచినచో, ఆ ఆయుధమును కొంతకాలము పోలీసు ఠాణాలోనో, లైసెన్సు గల ఆయుధ వర్తకుని యొద్దనో భద్రపరచుట మేలు. ఇందులో నామోషీ ఏమియు లేదు.

గురి అభ్యాసము

అభ్యాసము లేని చేతిలో రివాల్వరు యజమానికే శత్రువు. పొట్టి గొట్టము గల ఆయుధముతో గురి చూచుట రైఫిలుతో చూచుటకంటె మిక్కిలి కష్టము. చేయి ఇసుమంత వణికినను పది గజములలోనే గురి తప్పును. అయితే పెరటిలోనో, పొలములోనో అభ్యాసము చేయరాదు. అనుమతి పొందిన రైఫిలు క్లబ్బులలో, వెనుక ఎత్తైన మట్టికట్ట గల స్థలములో, శిక్షకుని యెదుట మాత్రమే చేయవలెను.

అచ్చట నేర్పు మూల సూత్రములు నాలుగు. ప్రతి తుపాకియు నిండినదేయని భావింపవలెను. కాల్చదలచని దిక్కునకు గొట్టమును త్రిప్పరాదు. గురి కుదురువరకు వ్రేలిని మీటపై ఉంచరాదు. గురిని మాత్రమేగాక దాని వెనుక నున్నదానిని గూడ చూచుకొనవలెను. తూటా పేలనిచో వెంటనే తెరువక, గొట్టమును గురివైపే ఉంచి అర నిమిషమైనను వేచియుండవలెను. ఆలస్యముగా పేలుట కలదు. ధ్వని సన్నగా వచ్చినచో గుండు గొట్టములోనే చిక్కుకొని యుండవచ్చును. అప్పుడు రెండవసారి కాల్చినచో గొట్టము పగులును. సీసము విషపదార్థము గావున అభ్యాసము ముగిసిన పిదప చేతులు శుభ్రముగా కడుగుకొనక అన్నము తినరాదు. చెవులకును కన్నులకును రక్షణ తప్పనిసరి.

ఈ చిన్న తూటా మన యువతకు కీర్తి తెచ్చిన రంగము గూడ కలదు. అది క్రీడ. జాతీయ రైఫిలు సంఘము 1951లో ఏర్పడినది. లోక్‌సభ మొదటి స్పీకరు మవలంకరు దాని ప్రథమాధ్యక్షుడు. 2012 లండన్ ఒలింపిక్సులో విజయకుమార్ 25 మీటర్ల రాపిడ్ ఫైర్ పిస్తోలు పోటీలో వెండి పతకము గెలిచినది ఈ పాయింట్ ఇరువదిరెండు తూటాతోనే. 2023లో హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడలలో హైదరాబాదు బాలిక ఈషాసింగ్ 25 మీటర్ల పిస్తోలు పోటీలో వెండి పతకమును, జట్టు పోటీలో బంగారు పతకమును సాధించినది. ఉత్సాహము గల యువకులకు శిక్షకుల పర్యవేక్షణలో గాలి తుపాకితో ఆరంభించి క్రీడామార్గమున పోవుటను చూపుట మంచిది.

ఆత్మరక్షణ హక్కు - దాని హద్దులు

“దొంగ వచ్చిన కాల్చవచ్చును గదా” అను ప్రశ్నకు చట్టము తొందరపడి ఔననదు. 2024 జులై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో 34 నుండి 44 వరకు గల సెక్షనులు ఆత్మరక్షణ హక్కును వివరించుచున్నవి. ఆ హక్కు కలదు. కాని రక్షణకు అవసరమైనదానికంటె ఎక్కువ హాని చేయరాదు. పోలీసుల సహాయము పొందుటకు వ్యవధి యున్నప్పుడు ఆ హక్కు వర్తింపదు. ప్రాణభయమో, తీవ్రమైన గాయము తగులునను భయమో, అట్టి మరికొన్ని ఘోరాపదలో యున్నప్పుడే ఎదుటివాని ప్రాణమునకు హాని కలిగించుట సమర్థనీయము. ఆస్తి విషయములో దోపిడి, సూర్యాస్తమయ సూర్యోదయముల నడుమ ఇంటికి కన్నము వేయుట, నివాసగృహమునకు నిప్పు పెట్టుట వంటి కొన్ని సందర్భములకే ఆ హక్కు పరిమితము. మామిడికాయలు దొంగిలించిన పిల్లవానినో, సొమ్ము వదలి పారిపోవుచున్న వానినో కాల్చినచో అది ఆత్మరక్షణ కాదు, నేరము. అజాగ్రత్తచే ఒకరి మరణమునకు కారకుడైనవానికి 106వ సెక్షను ప్రకారము ఐదేండ్ల వరకు ఖైదు పడవచ్చును.

పెండ్లి ఊరేగింపులు, ఎన్నికలు, పాత తుపాకులు

ఉత్సవములలో గాలిలోనికి కాల్చుట వైభవమని భావించువారు ఇంకను కలరు. పైకి పోయిన గుండు ఆకాశములో నిలువదు. ఎవరి నెత్తిననో పడును. 2019 సవరణ ఈ చేష్టను ప్రత్యేకమైన నేరముగా పేర్కొన్నది. ఇతరుల ప్రాణమునకు అపాయము కలుగునట్లు ఉత్సవములలో కాల్చినవారికి రెండేండ్ల వరకు ఖైదు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండునుగాని విధింపవచ్చును.

ఎన్నికల సమయమున అధికారులు ఆజ్ఞాపించిన యెడల లైసెన్సు గలవారు గూడ ఆయుధములను ఠాణాలో అప్పగింపవలెను. రసీదు తప్పక తీసికొని భద్రపరచుకొనవలెను. ఎన్నికలు ముగిసి ఆజ్ఞ తొలగిన పిదప వానిని తిరిగి పొందవచ్చును.

తండ్రి మరణించిన పిమ్మట ఆయన తుపాకి అటకపై పడియుండుట గ్రామములలో తరచు జరుగును. లైసెన్సు ఆయనతోనే ముగిసినదని కుమారులకు తెలియదు. 21వ సెక్షను ప్రకారము అట్టి ఆయుధమును అనవసరమైన జాప్యము లేకుండ ఠాణాలోగాని, లైసెన్సు గల వర్తకుని యొద్దగాని అప్పగింపవలెను. వారసులు అర్హులైనచో తమ పేర లైసెన్సు కొరకు దరఖాస్తు చేసికొనవచ్చును. డెబ్బది యేండ్లు నిండిన యజమాని జీవించియుండగనే వారసునికి బదిలీ కోరు వీలు గూడ నియమములలో కలదు.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

లైసెన్సు కొరకు సర్పంచి ఉత్తరము చట్టము కోరినది కాదు. నిర్ణయము అధికారిది, నివేదిక పోలీసులది. కాని విచారణకు వచ్చిన అధికారి ఊరి పెద్దలను అడుగక మానడు. అప్పుడు మొగమాటమునకు లోబడి త్రాగుబోతును సౌమ్యుడనియు, కలహప్రియుని శాంతపరుడనియు చెప్పరాదు. కక్షచే యోగ్యుని నిందింపనురాదు. ఉన్నది ఉన్నట్లు చెప్పుటయే గ్రామమునకు రక్ష.

ఆయుధముల చట్టము క్రింద నేరము జరిగినదని తెలిసినవారు సమీప ఠాణాకుగాని మేజిస్ట్రేటునకుగాని తెలుపవలెనని 36వ సెక్షను శాసించుచున్నది. ఈ విధి పౌరులందరిది. ప్రజలెన్నుకొన్న సభ్యునకు మరింత ముఖ్యము. గ్రామసభలో ఏడాది కొకసారియైనను ఈ విషయములను చదివి వినిపింపవచ్చును. అటకలపై నున్న పాత తుపాకుల సంగతి గుర్తుచేయవచ్చును. బడి పిల్లలకు “తుపాకి కనబడిన ముట్టరాదు, పెద్దలకు చెప్పవలెను” అని ఉపాధ్యాయులచే నేర్పింపవచ్చును.

రివాల్వరు కొరకు వచ్చిన గ్రామస్థునితో సభ్యుడు మొదట మాటలాడవలసినది తుపాకిని గూర్చి కాదు, అతని భయమును గూర్చి. దారిలో దీపములు లేవా? తోటకు కాపలా లేదా? పొరుగువానితో గట్టు తగవు తీరలేదా? రొక్కమును మోసికొనిపోవుటకు బదులు బ్యాంకు ద్వారా పంపు వీలు తెలియదా? ఈ భయములలో పెక్కింటికి మందు పంచాయతీ చేతిలోనే యున్నది. వీధిదీపము వెలిగి, తగవు తీరి, ఠాణాతో సంబంధము బాగుగా నున్న ఊరిలో రివాల్వరుతో పని మిక్కిలి తక్కువ. అప్పటికిని నిజముగా అవసరమున్నవాడు చట్టము చెప్పిన దారిని పోయి, శిక్షణ పొంది, తాళము వేసి, లెక్క చూచుకొని దానిని ఉంచుకొనుగాక. ఆ దారిని అతనికి చూపగల తెలివిడి ప్రతి పంచాయతీ సభ్యునకు ఉండవలెను.